ఆడిటర్ ముందు మందను చూడాలి

ప్రశ్న: నమస్కారం అండీ. నేను పశువైద్యం చదువుకున్నాను. పెళ్లయ్యాక మావారి ఉద్యోగం వల్ల ఇంగ్లండ్ వచ్చాను. ఇక్కడ డాక్టర్‌గా పనిచేయాలంటే మళ్లీ పరీక్ష రాయాలి. దానికి చదువుకుంటూనే ష్రాప్‌షర్‌లో, వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో ఒక ఫామ్‌లో రికార్డులు చూసే పనికి కుదిరాను. మా ఫామ్‌లో 400 ఆడగొర్రెలు, 60 తల్లి ఆవులు ఉన్నాయి. గొర్రెపిల్లల్ని పెంచి నేరుగా కబేళాకు పంపుతాం. దూడల్ని మాత్రం ఏడాది వయసులో సంతలో వేరే రైతులకు అమ్మేస్తాం. మేము ఫామ్ అష్యూరెన్స్ పథకంలో ఉన్నాం, అంటే పెంపకం నియమాల ప్రకారం జరుగుతోందని తనిఖీ చేసి ధ్రువీకరించే పథకం. పోయిన నెల దాని ఆడిట్ జరిగింది. వచ్చినాయన మూడు గంటలు వంటింటి బల్ల దగ్గరే కూర్చుని ఫైళ్లు తిప్పారు. మందుల రిజిస్టర్‌లో రెండు చోట్ల బ్యాచ్ నంబర్ లేదన్నారు. పశువు ఒంట్లో సూది విరిగితే ఏం చేస్తామో రాసిపెట్టిన కాగితం లేదన్నారు. హెల్త్ ప్లాన్‌ను డాక్టర్ చూసి ఏడాది దాటిందన్నారు. చివర్లో గేటు దగ్గర నిలబడి గొర్రెల్ని పది నిమిషాలు చూసి వెళ్లిపోయారు. మా యజమానికి ఒళ్లు మండింది. ఈ పథకమే వద్దు, బయటికి వచ్చేస్తానంటున్నారు. ఇంతలో పథకం వాళ్లు నియమాలు సవరిస్తున్నామని, రైతుల అభిప్రాయాలు పంపమని ఉత్తరం రాశారు. 'నువ్వే రాసి పంపు' అని నాకు అప్పగించారు. బయటికి రావడం మంచిదేనా? అభిప్రాయం రాయాలంటే ఏం రాయాలి? ఆడిట్ అంటే నాకూ చాలా టెన్షన్‌గా ఉంటోంది. (పేరు వేయవద్దు)

జవాబు: అమ్మా, పథకంలో ఉండాలా, బయటికి రావాలా అన్నది కోపంలో తేల్చుకునే విషయం కాదు. మీ యజమాని కోపంలో న్యాయం ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ ఫామ్‌లో పుట్టిన జీవాలు ఎవరి చేతికి వెళ్తున్నాయో చూడండి. అక్కడి నుంచే లెక్క మొదలవుతుంది.

మీ గొర్రెపిల్లలు నేరుగా కబేళాకు వెళ్తున్నాయి. బ్రిటన్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లు తమ దేశపు బీఫ్, లాంబ్ కొనేటప్పుడు చాలావరకు రెడ్ ట్రాక్టర్ అనే అష్యూరెన్స్ పథకం గానీ దానికి సాటివచ్చేది గానీ ఉండాలని అడుగుతాయి. అందుకే ఆ షాపులకు సరఫరా చేసే కబేళాలు అష్యూరెన్స్ లేని జీవానికి ధర తగ్గిస్తాయి. మీ కబేళాలో ఆ తగ్గింపు ఎంతో బయటివాళ్లెవరూ చెప్పలేరు. మీ జీవాలు కొనే మనిషికి ఫోన్ చేసి, అష్యూరెన్స్ లేకపోతే కిలోకు ఎన్ని పెన్స్ తగ్గిస్తారో అడగండి. పోయిన ఏడాది కబేళా బిల్లుల్లో ఉన్న మొత్తం కిలోలతో దాన్ని గుణించండి. ఆ పక్కన సభ్యత్వ రుసుము, కేవలం పథకం కోసం మీరు పెట్టే గంటల జీతం రాయండి. ఒక్క పేజీ చాలు. దాన్ని మీ యజమాని ముందు పెట్టి, అప్పుడు మాట్లాడండి.

దూడల లెక్క వేరు. రెడ్ ట్రాక్టర్ నియమం ప్రకారం పశువు కోతకు ముందు చివరి 90 రోజులు, గొర్రె అయితే చివరి 60 రోజులు అష్యూరెన్స్ ఉన్న ఫామ్‌లో ఉంటే సరిపోతుంది. అంటే సంతలో మీ దూడను కొన్న రైతు దాన్ని అష్యూరెన్స్ ఉన్న తన ఫామ్‌లో 90 రోజులు మేపితే అది అష్యూర్డ్ బీఫ్ అవుతుంది, అది పుట్టిన ఫామ్‌కు పథకం ఉన్నా లేకున్నా. స్కాట్లాండ్‌లో అలా కాదు. అక్కడ క్వాలిటీ మీట్ స్కాట్లాండ్ అనే మాంసం రంగ సంస్థ స్కాచ్ బీఫ్ గుర్తు ఇవ్వాలంటే పశువు పుట్టిన దగ్గర్నుంచి కోత దాకా అష్యూరెన్స్ ఉన్న చోటే ఉండాలి. కాబట్టి 'దూడల మీద ఈ పథకం వల్ల నాకేం ఒరుగుతోంది' అని మీ యజమాని అడిగితే అది సరైన ప్రశ్నే. ఆవు ఈనినప్పుడు రాత్రంతా మేలుకునేది, బొడ్డుకు అయోడిన్ రాసేది, కొమ్ము మొలకలు తీయించేది దూడను పుట్టించి పెంచిన రైతు. అష్యూరెన్స్ వల్ల వచ్చే ధర మాత్రం ఎక్కువగా చివర మేపి అమ్మిన రైతు బిల్లులో కనిపిస్తుంది. మీరు పంపే అభిప్రాయంలో ఇది తప్పకుండా ఉండాలి. మీలాంటి ఫామ్ రాస్తేనే దానికి బరువు.

బయటికి వచ్చేస్తే కాగితాల బాధ పోతుందని ఆయన అనుకుంటున్నట్టున్నారు. అందులో చాలా భాగం పోదు. మందుల రికార్డు కనీసం 5 ఏళ్లు దాచడం చట్టం. పశువు ఫామ్ మారితే 3 రోజుల్లోగా తెలియజేయడం చట్టం. చెవి ట్యాగులు, పశువుల పాస్‌పోర్టులు, గొర్రెల రిజిస్టర్, కొత్త జీవం వచ్చాక 6 రోజులు మందను కదపకుండా ఉంచడం, టీబీ పరీక్షలు, కబేళాకు పంపేటప్పుడు జీవంతోపాటు ఇవ్వాల్సిన ఫుడ్ చెయిన్ సమాచారం, ఇవన్నీ చట్టాలే. పథకం ఉన్నా లేకపోయినా తప్పవు. పైగా పథకంలో ఉన్న ఫామ్‌లకు స్థానిక అధికారుల తనిఖీలు తక్కువగా ఉంటాయి, బయటికి వస్తే ఆ వెసులుబాటు పోతుంది. బల్ల మీద రెండు కుప్పలు పెట్టండి. ఒకటి చట్టం అడిగేది, రెండోది పథకం మాత్రమే అడిగేది. రెండో కుప్ప ఎంత చిన్నదో చూస్తే ఆయన కోపం కొంతైనా తగ్గుతుందని నా నమ్మకం.

ఇప్పుడు ఆ మూడు తప్పుల సంగతి. మూడూ ఒకే బరువున్నవి కావు. ఆడిట్ రిపోర్టు వాటిని ఒకే వరసలో రాయడమే మీ యజమానికి ఎక్కువగా మండించిన విషయం అనుకుంటాను.

బ్యాచ్ నంబర్ విషయంలో నేను ఆడిటర్ పక్షమే. నేను కొన్నేళ్లు బ్రిటన్ కబేళాల్లో వెటర్నరీ డాక్టర్‌గా పనిచేశాను. గొర్రెల లారీ దిగేటప్పుడు నా చేతికి వచ్చేది ఒక్క కాగితం. మందు ఇచ్చాక మాంసానికి పంపకుండా ఆగాల్సిన గడువు పూర్తయిందని దాని మీద రైతు సంతకం ఉంటుంది. ఆ జీవం ఒంట్లో ఏముందో నాకు కంటికి కనిపించదు. ఆ సంతకాన్ని నమ్మి ముందుకు పంపాలి. ఆ సంతకం వెనక ఉన్నది మీ రిజిస్టర్‌లోని ఒక్క గీత. మార్చి 14, ఆడగొర్రె చెవి ట్యాగ్ నంబర్, మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని రోజుల దాకా మాంసానికి పంపకూడదు, ఎవరు ఇచ్చారు. ఏదైనా మందులో లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిస్తే, ఏ సీసా మీ ఫామ్‌కు వచ్చిందో చెప్పగలిగేది బ్యాచ్ నంబర్ ఒక్కటే. మందు కొన్నప్పుడే దాన్ని రాసుకోవాలని చట్టం కూడా చెప్తోంది. ఇది తప్పే, దిద్దుకోండి. దిద్దుకోవడం కష్టం కూడా కాదు. మందులు వచ్చిన రోజే సీసా లేబుల్‌ను ఫోన్‌తో ఫొటో తీసి, ఆ నెల పేరుతో ఉన్న ఫోల్డర్‌లో వేయండి. సాయంత్రం రిజిస్టర్ రాసేటప్పుడు నంబర్ కోసం షెడ్డుకు పరుగెత్తే పని ఉండదు. ఈనే కాలంలో రిజిస్టర్ వంటింట్లో ఉంటే ఎవరూ రాయరు. ఒక చిన్న పుస్తకం, పెన్సిల్ మందుల అల్మరాకే కట్టి ఉంచండి. వానకు పెన్ను పనిచేయదు, పెన్సిల్ పనిచేస్తుంది.

సూది విరిగితే ఏం చేస్తామన్న కాగితం చిన్న విషయంలా కనిపిస్తుంది. అడగడంలో అర్థం ఉంది. కండలో మిగిలిన సూది ముక్క ఎవరి పళ్లెంలోకైనా వెళ్లవచ్చు. అయితే రైతు దగ్గర ఉండాల్సింది కాగితం కంటే ముందు అలవాటు. సూది విరిగితే ఆ జీవానికి వెంటనే గుర్తు పెట్టాలి, ట్యాగ్ నంబర్, సూది వేసిన చోటు రాయాలి, డాక్టర్‌తో మాట్లాడాలి, దాన్ని ఎప్పుడు కబేళాకు పంపినా ఆ సంగతి అక్కడికి తెలియజేయాలి. ఈ నాలుగు మాటలూ పెద్ద అక్షరాలతో రాసి మందుల అల్మరా తలుపుకు అంటించండి. ఫామ్‌లో సూది పట్టే ప్రతి మనిషీ దాన్ని చదవాలి. ఆడిటర్‌కు కావాల్సిన కాగితం అదే.

హెల్త్ ప్లాన్ విషయానికి వస్తే నేను మీ యజమాని వైపు వస్తాను. ప్లాన్‌ను ఏడాదికోసారి డాక్టర్ చూడాలనడం మంచి నియమం. కానీ ఆడిట్‌లో చూసేది ఎక్కువగా సంతకం, తేదీ. ప్లాన్‌లో రాసినది మందలో జరిగిందా లేదా అని అడిగేవాళ్లు తక్కువ. ఫైల్లో అందంగా ఉండి, రైతు ఒక్కసారి కూడా తెరవని ప్లాన్‌కు ఆడిట్‌లో పూర్తి మార్కులు పడతాయి. డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ అవసరాన్ని బట్టి మందును మార్చుకుంటూ, గొర్రెల్ని బాగా చూసుకునే రైతు తేదీ దాటిందని తప్పు వేయించుకుంటాడు. ఇక్కడే ఆడిట్ మారాలి.

ఆడిటర్ మీ గొర్రెల్ని పది నిమిషాలు కాకుండా గంటసేపు చూసి ఉంటే ఏం తెలిసేదో ఆలోచించండి. గేటు దగ్గర నిలబడితే గొర్రెలు గుంపుగా దూరం జరుగుతాయి, అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. మందను ఒక మూల నుంచి మరో మూలకు మెల్లగా నడిపించి పక్క నుంచి చూడాలి. తల ఊపుతూ నడిచేవి, మోకాళ్ల మీద కూర్చుని మేసేవి, మందకు వెనకబడేవి అప్పుడు కనబడతాయి. అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వానికి సలహాలిచ్చిన ఫామ్ యానిమల్ వెల్ఫేర్ కౌన్సిల్ గొర్రెల్లో కుంటు గురించి 2011లో ఒక లక్ష్యం చెప్పింది. మందలో కుంటే గొర్రెలు 2016 నాటికి 5 శాతానికి, 2021 నాటికి 2 శాతానికి తగ్గాలి అని. మీ 400 గొర్రెల్లో 2 శాతం అంటే ఎనిమిది. మీ పొలంలో ఈ రోజు కుంటుతున్నవి ఎనిమిదికి తక్కువా, ఎక్కువా? ఈ ఒక్క సంఖ్య మీ ఫామ్ గురించి చెప్పేంత, ఫైల్లో ఉన్న ఇరవై పాలసీ కాగితాలు చెప్పలేవు. గిట్టల కుళ్లును తొందరగా గుర్తించి వైద్యం చేస్తున్నారా, మళ్లీ మళ్లీ కుంటే వాటిని మందలోంచి తీసేస్తున్నారా, కొత్తగా కొన్నవాటిని విడిగా ఉంచుతున్నారా, అన్నీ ఆ సంఖ్యలో బయటపడతాయి.

ఇక చేతితో చూడాల్సినవి. వీపు మీద, నడుము ఎముకల దగ్గర చెయ్యి పెట్టి నొక్కితే గొర్రె ఒంటి పుష్టి తెలుస్తుంది. ఉన్ని వెనక ఎముకలు తేలి ఉన్నా కంటికి తెలియదు. పది గొర్రెల్ని పట్టుకుని నొక్కి చూసే ఆడిటర్‌ను ఏ మంచి రైతూ కాదనడు. ఆ నమ్మకంతోనే చెప్తున్నాను, రైతులు ఆడిట్‌ను ద్వేషించేది తమ మందను ఎవరో చూస్తారని కాదు. తాము ఇష్టంగా చేసే పనిని ఎవరూ చూడకపోవడమే వాళ్లకు నొప్పి.

మరో మంచి సమాచారం కబేళాల్లో వృథాగా పడి ఉంది. కోత తర్వాత తనిఖీలో జలగ (లివర్ ఫ్లూక్ అనే పరాన్నజీవి) పట్టిన కార్జాలు, మచ్చలున్న ఊపిరితిత్తులు ఎన్ని తీసేశారో అక్కడ రాస్తారు. ఆ వివరాలు రైతుకు తిరిగి చేరాలి. పోయిన శీతకాలం మీరు పంపిన గొర్రెపిల్లల్లో ఎన్ని కార్జాలు తీసేశారో మీ దగ్గర ఉందా? లేకపోతే కబేళాను అడిగి తెప్పించుకోండి. ఆడిటర్ అడగాల్సిన అసలు ప్రశ్న ఇది: 'పోయిన ఏడాది ఇన్ని కార్జాలు పోయాయి, దానికి మీరు ఏం చేశారు?' జలగ మందు ఎప్పుడు వేశారు, పేడ పరీక్ష చేయించారా, చిత్తడి పొలానికి కంచె కట్టారా అని మాట సాగుతుంది. హెల్త్ ప్లాన్ బతికి ఉందో లేదో అక్కడ తేలిపోతుంది, సంతకంతో పనిలేదు.

రికార్డుల మీద చిరాకు ఉన్నా, వాటి వల్ల జరిగిన మేలును కూడా మీ యజమానికి చెప్పండి. బ్రిటన్‌లో మాంసం, పాలు, గుడ్ల కోసం పెంచే జీవాలకు అమ్మిన యాంటీబయోటిక్స్ 2014 నుంచి 2022 లోపు 59 శాతం తగ్గాయి. లెక్క రాయకపోతే తగ్గిందని చెప్పడానికే వీలుండదు. గొర్రెలు, బీఫ్ పశువుల విషయంలో ఫామ్ స్థాయి లెక్కలు కోళ్లు, పందుల రంగాలంత పూర్తిగా ఇంకా రావడం లేదు. ఆ లోటు పూడ్చడానికే ఏహెచ్‌డీబీ (వ్యవసాయ, ఉద్యాన అభివృద్ధి బోర్డు) 2021లో మందుల వాడకం నమోదు చేసే మెడిసిన్ హబ్ పెట్టింది. మీ ఫామ్ వాడకాన్ని అందులో ఎక్కిస్తే ఏడాది చివర లెక్క తీయడం మీకే తేలిక.

అసలు ఈ పథకాలు ఎందుకు పుట్టాయో మరిచిపోతే వాటిని బాగుచేయడం కూడా కుదరదు. బీఎస్‌ఈ (పిచ్చి ఆవు వ్యాధి) భయంతో బ్రిటన్ బీఫ్‌ను జనం అనుమానంగా చూసిన కాలంలో, 1992లో, బీఫ్, లాంబ్ రైతుల కోసం ఒక అష్యూరెన్స్ పథకం మొదలైంది. 2000లో రెడ్ ట్రాక్టర్ గుర్తు వచ్చింది. కొనేవాళ్ల నమ్మకం తిరిగి రావడానికి రైతులే ముందుకు వచ్చి ఒప్పుకున్న తనిఖీ ఇది. ఆ పథకం తమ చేతుల్లోంచి జారి షాపుల చేతుల్లోకి పోయిందన్న భావన రైతుల్లో పెరిగింది. 2023లో రెడ్ ట్రాక్టర్ గ్రీనర్ ఫామ్స్ కమిట్‌మెంట్ అని పర్యావరణ నియమాలతో కొత్త భాగాన్ని ప్రకటించినప్పుడు రైతు సంఘాలు మండిపడ్డాయి. మమ్మల్ని సరిగ్గా అడగకుండా ఎలా తెస్తారన్నది వాళ్ల ప్రశ్న. 2024లో దాన్ని పక్కన పెట్టారు. ఆ గొడవ తర్వాత రైతు సంఘాలు, ఏహెచ్‌డీబీ కలిసి ఒక స్వతంత్ర సమీక్ష వేయించాయి. దానికి అధ్యక్షుడు డాక్టర్ డేవిడ్ లెవెలిన్. మీ ష్రాప్‌షర్‌లోనే ఉన్న హార్పర్ ఆడమ్స్ యూనివర్సిటీకి ఒకప్పుడు వైస్ చాన్సలర్. 2025 జనవరిలో వచ్చిన నివేదిక 9 సిఫార్సులు చేసింది. ఫామ్ మీద జరిగే ఆడిట్లు తగ్గాలి, సులువు కావాలి, ఒకేలా జరగాలన్నది అందులో ముఖ్యమైనది. టెక్నాలజీని బాగా వాడాలని, నియమాల తయారీలో రైతుకు పెద్ద పాత్ర ఉండాలని కూడా చెప్పింది. అంటే మీ యజమాని వంటింట్లో అంటున్న మాటలు ఇప్పటికే అచ్చులో ఉన్నాయి. ఆయన ఒంటరివాడు కాదని చెప్పండి.

ఇక మీరు రాయాల్సిన అభిప్రాయం. 'కాగితాలు ఎక్కువయ్యాయి, రైతుల్ని చంపుతున్నారు' అని రాస్తే చదివేవాళ్లు తలూపి పక్కన పెడతారు. ఏ నియమం, దాని నంబర్ ఎంత, మీ ఫామ్‌లో దాని వల్ల ఏం జరిగింది, దాని బదులు ఏం కావాలి అని రాయండి. నాలుగైదు నియమాల మీద రాస్తే చాలు. నేనైతే మొదట ఆడిట్ సమయం గురించి రాస్తాను. ఇంచుమించు ఇలా, ఇంగ్లీషులో మీ మాటల్లో పెట్టుకోండి:

'మా ఆడిట్‌లో మూడు గంటలు రికార్డులకు, పది నిమిషాలు జీవాలకు వెళ్లాయి. రికార్డులను ఆడిట్‌కు రెండు వారాల ముందే ఆన్‌లైన్‌లో పంపే వీలు ఇవ్వండి. ఫామ్‌కు వచ్చిన రోజు సగం సమయమైనా మంద దగ్గరే గడపాలని నియమం పెట్టండి. కుంటే జీవాల సంఖ్య, ఒంటి పుష్టి, శుభ్రత, నీరు, పడక చూసి రాసుకోవాలి. మేము ఏడాదికి రెండుసార్లు కుంటే గొర్రెల్ని లెక్కపెడతాం, ఆ లెక్క మీకు చూపడానికి సిద్ధం.'

ఆ చివరి వాక్యం రాయాలంటే ముందు నిజంగా లెక్కపెట్టాలి. ఈ వారమే మొదలుపెట్టండి. రికార్డులు ముందుగా పంపడం గురించి ఒక మాట. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆడిట్లు వీడియోలో, ఫొటోలతో జరిగాయి. కాగితాల వరకు అది బాగానే నడిచింది. కానీ మొత్తం ఆడిట్‌ను అలా చేద్దామన్న మాటకు నేను ఒప్పుకోను. గొర్రె నడకను ఫోన్ స్క్రీన్ మీద చూసి ఏమీ చెప్పలేం. షెడ్డులో గాలి ఆడుతుందో లేదో లోపలికి అడుగుపెడితే ముక్కుకే తెలుస్తుంది.

రెండోది, ఒకే సమాచారాన్ని పదిమంది అడగడం. మీ పశువుల కదలికలు బ్రిటిష్ క్యాటిల్ మూవ్‌మెంట్ సర్వీస్ దగ్గర ఉన్నాయి. గొర్రెలవి లైవ్‌స్టాక్ ఇన్ఫర్మేషన్ సర్వీస్‌లో ఉన్నాయి. టీబీ పరీక్ష ఫలితాలు ప్రభుత్వ పశు ఆరోగ్య సంస్థ దగ్గర ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 11కు తక్కువ కాకుండా పశువులు గానీ, 21కి తక్కువ కాకుండా గొర్రెలు గానీ ఉన్న రైతుకు ప్రభుత్వ ఖర్చుతో డాక్టర్ వచ్చి మందను చూసే పథకం ఉంది. ఆ డాక్టర్ మీ మందను చూసి వెళ్లాక అదే సంగతుల్ని ఆడిటర్ మళ్లీ మొదటి నుంచి ఎందుకు అడగాలి? 'రైతు అనుమతితో ఈ వివరాలు నేరుగా తెచ్చుకోండి, డాక్టర్ సందర్శనను హెల్త్ ప్లాన్ సమీక్షగా లెక్కేయండి' అని రాయండి. మీరు ఆ సందర్శన ఇంకా వాడుకోకపోతే వాడుకోండి, పాతబడిన ప్లాన్‌ను అదే రోజు డాక్టర్‌తో కూర్చుని కొత్తగా రాయించవచ్చు.

మూడోది, తప్పుల బరువు. మందు గడువు పూర్తికాని జీవాన్ని అమ్మడానికి, అలాంటి తప్పు జరగకపోయినా ఒక కాగితం లేకపోవడానికి మధ్య చాలా దూరం ఉంది. జీవానికి గానీ తినేవాళ్లకు గానీ హాని చేసేది ఏది, రాత లోపం ఏది అని రిపోర్టు విడదీసి చూపాలి. నియమాల పుస్తకంలో ముఖ్యమైనవి విడిగా గుర్తు పెట్టే ఉంటాయి. రైతు చేతికి వచ్చే రిపోర్టులో కూడా ఆ తేడా మొదటి చూపులోనే కనబడాలని అడగండి.

నాలుగోది, ఒక ఆడిటర్ ఒప్పుకున్నదాన్ని ఇంకొకరు తప్పనడం. మీ దగ్గర పాత రిపోర్టులు ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి. సూది కాగితం పోయినసారి కూడా లేదు కదా, అప్పుడు అడగలేదెందుకు? అలాంటి ఉదాహరణ ఒక్కటి ఉన్నా తేదీలతో రాయండి, మనిషి పేరు మాత్రం రాయకండి.

ఆ తర్వాత దూడల ధర విషయం, నేను పైన చెప్పినది. దిగుమతుల గురించి మీ యజమాని తప్పకుండా రాయమంటారు. 2023 మే 31 నుంచి ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక చాలామంది రైతులకు అదే బెంగ. 'మా మీద ఇన్ని నియమాలు పెట్టి, బయటి నుంచి వచ్చే మాంసాన్ని అవేవీ అడగరా' అన్న ప్రశ్న న్యాయమైనదే. ఒక్క వాక్యం రాసి, మిగతాది మీ ఎంపీకి వేరే ఉత్తరంగా పంపమనండి. పథకం వాళ్ల చేతిలో లేని విషయం మీద రెండు పేజీలు రాస్తే, వాళ్ల చేతిలో ఉన్న విషయాల మీద మీరు రాసినది మరుగున పడుతుంది.

ఇప్పుడు దగ్గర పడుతున్న గడువు. రెడ్ ట్రాక్టర్‌లో అయితే ఆడిట్‌లో వచ్చిన తప్పుల్ని దిద్దినట్టు రుజువు పంపడానికి 28 రోజులు ఉంటాయి. మీ రిపోర్టు మీద ఉన్న తేదీ చూసుకోండి. ఆడిట్ పోయిన నెలలో అన్నారు కాబట్టి ఈ ఉత్తరం అందే వేళకు ఎక్కువ రోజులు మిగిలి ఉండవు. గడువు దాటితే సర్టిఫికెట్ ఆగిపోవచ్చు, అప్పుడు గొర్రెపిల్లల లారీ వెళ్లాల్సిన రోజున ఇబ్బంది పడతారు. బ్యాచ్ నంబర్లు మందుల బిల్లుల మీద ఉంటాయి, లేకపోతే డాక్టర్ గారి ఆఫీసులో అడిగితే ఇస్తారు. దొరికిన నంబర్‌ను రిజిస్టర్‌లో ఇవాళ్టి తేదీతో చేర్చండి, పాత తేదీ వేసి రాయకండి. అల్మరా తలుపు మీది కాగితాన్ని ఫొటో తీయండి. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడం ఆలస్యమైతే, ఏ తేదీకి వస్తున్నారో రాసిన మెయిల్‌ను జతచేసి, ఇంకొన్ని రోజులు కావాలని ఫోన్ చేసి అడగండి.

ఏదైనా తప్పు అన్యాయంగా వేశారని అనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు మీకుంది. ఆడిట్ చేసే సంస్థలకు యూకాస్ (తనిఖీ సంస్థలకు గుర్తింపునిచ్చే బ్రిటన్ జాతీయ సంస్థ) గుర్తింపు ఉండాలి. ఆ గుర్తింపు నియమాల్లోనే ఫిర్యాదు, అప్పీలు వినే పద్ధతి తప్పనిసరి. మొదట ఆడిట్ సంస్థకు రాయాలి. అక్కడ తేలకపోతే పథకం నడిపేవాళ్లకు. మీ విషయంలో ఈ మూడింటిలో దేని మీదా అప్పీలు నిలబడదని నా అభిప్రాయం, అందుకు ఓపిక ఖర్చుపెట్టకండి.

మీ టెన్షన్ గురించి కూడా చెప్పాలి. మీరు పశువైద్యం చదివారు. ఫైళ్లు తిప్పే ఉద్యోగంలో ఉన్నంత మాత్రాన ఆ చదువు ఎక్కడికీ పోలేదు. వచ్చేసారి ఆడిటర్ రాగానే టీ ఇచ్చి, 'వెలుగు ఉన్నప్పుడే మందను చూసి వద్దాం, ఫైళ్లు తర్వాత చూడవచ్చు' అని మీరే అనండి. చలికాలంలో నాలుగింటికే చీకటి పడే చోట ఎవరూ కాదనరు. ముందే ఒక మూల దడి కట్టి గొర్రెల్ని పట్టుకునేలా ఉంచండి. పక్కనే నడుస్తూ కుంటేవాటిని మీరే చూపించండి, ఒక్కొక్కదానికి ఏం వైద్యం ఇస్తున్నారో చెప్పండి. దాచిపెట్టే రైతుల్ని రోజూ చూసే మనిషికి అది ఎంత మార్పో మీరు ఆయన ముఖంలోనే చూస్తారు. ఆడిటర్‌కూ ఆ రోజు ఇంకో ఫామ్ ఉంటుంది, చెక్‌లిస్ట్ పూర్తి చేయకపోతే ఆయన పని కూడా ఆగిపోతుంది. చాలామంది రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. మీ యజమాని అరిస్తే దెబ్బ తినేది ఆ నియమం రాసినవాళ్లు కాదు.

అభిప్రాయం పంపే ముందు మీ యజమానికి చదివి వినిపించి, ఆయన సంతకంతోనే పంపండి, సభ్యుడు ఆయనే కదా. ఒక కాపీ మీ జిల్లా ఎన్‌ఎఫ్‌యూ (జాతీయ రైతు సంఘం) ఆఫీసుకు పంపండి. వాళ్లు పథకంతో మాట్లాడేటప్పుడు చూపడానికి ఇలాంటి ఉదాహరణలు కావాలి. ఇంకో కాపీ ఆడిట్ ఫైల్లో పెట్టుకోండి. సవరించిన నియమాలు వచ్చిన రోజున మీరు అడిగినవాటిలో ఏవి తీసుకున్నారో, ఏవి తీసుకోలేదో వరసగా టిక్కు పెట్టి, తీసుకోనివాటికి కారణం చెప్పమని మళ్లీ రాయండి.